ఛాతీ పరీక్ష, ఊపిరితిత్తుల శబ్దాలు: సరిహద్దు జిల్లాల ఆరోగ్య సిబ్బంది తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్ జిల్లాల్లో తెలుగు ఇళ్ళలో పుట్టి, ఒడియా బడుల్లో చదివి, రోజంతా తెలుగు, ఒడియా, సవర, కుయి మాట్లాడే రోగుల మధ్య పనిచేసే నర్సులు, ఏఎన్‌ఎంలు (గ్రామ ఆరోగ్య కార్యకర్తలు), ఉపకేంద్రాల సీహెచ్‌ఓలు (సామాజిక ఆరోగ్య అధికారులు) శిక్షణ తరగతుల్లో నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలకు ఇవి సమాధానాలు. మెడలో స్టెతస్కోప్ ఉన్నా దానితో విన్నదాని మీద నమ్మకం కుదరడం లేదని వారిలో చాలామంది అంటారు. ఆ నమ్మకం చెవుల చురుకుదనం వల్ల కాక, చేసే పనిలోని క్రమం వల్ల వస్తుందని నా అభిప్రాయం. అందుకే ఇక్కడ శబ్దాల పేర్ల కంటే చూసే, లెక్కించే, పోల్చే పద్ధతికే ఎక్కువ చోటు ఇచ్చాను. మందులు, మోతాదులు ఇందులో లేవు.

స్టెతస్కోప్ పెట్టకముందు ఏం చూడాలి?

రోగి గుమ్మం దాటి వచ్చి బల్ల మీద కూర్చునే లోపే సగం పరీక్ష అయిపోవాలి. మాట మధ్యలో ఆగకుండా ఒక వాక్యం చెప్పగలుగుతున్నారా, రెండు మాటలకొకసారి ఊపిరి అందుకుంటున్నారా, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి ముందుకు వంగి కూర్చున్నారా, మెడ కండరాలు బిగుస్తున్నాయా, పెదవులు, నాలుక నీలంగా ఉన్నాయా అన్నవి దూరం నుంచే తెలుస్తాయి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ రెండు పక్కలా సమానంగా లేస్తోందో లేదో రోగి ఎదురుగా, మంచం కాళ్ళ వైపు నిలబడి చూడాలి. ఒక పక్క తక్కువగా కదులుతుంటే, జబ్బు దాదాపు ఎప్పుడూ ఆ తక్కువ కదిలే పక్కనే ఉంటుంది.

తరువాత గొంతు కింది గుంటలో వేలు పెట్టి శ్వాసనాళం నడిమధ్యన ఉందో, ఒక పక్కకు జరిగిందో చూడాలి. ఊపిరితిత్తి చుట్టూ నీరు గాని గాలి గాని బాగా చేరితే నాళం అవతలి పక్కకు నెట్టబడుతుంది; ఊపిరితిత్తి ముడుచుకుపోతే, లేదా పాత క్షయ వల్ల గట్టిపడి కుంచించుకుపోతే, నాళం ఆ పక్కకే లాగబడుతుంది. అర నిమిషం పట్టే ఈ పనిని మనం తరచుగా వదిలేస్తాం.

శ్వాసను ఎలా లెక్కపెట్టాలి? ఎంత ఉంటే ఎక్కువ అనుకోవాలి?

పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టాలి. పావు నిమిషం లెక్కించి నాలుగుతో హెచ్చవేయడం పిల్లల్లో అసలు పనికిరాదు, ఎందుకంటే వారి శ్వాస ఒకసారి తొందరగా, ఒకసారి నెమ్మదిగా సాగుతుంది. లెక్కపెడుతున్నామని పెద్దవారికి తెలిస్తే వారి శ్వాస మారిపోతుంది గనుక, నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని ఛాతీ కదలికలను లెక్కించడం పాత పద్ధతే అయినా మంచి పద్ధతి.

పెద్దవారిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 వరకు మామూలు. 30కి చేరితే జబ్బు తీవ్రంగా ఉన్నట్టే. పిల్లల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దులు మన రిజిస్టర్లలోనూ ఉన్నవే: 2 నెలల లోపు శిశువుకు 60 లేదా అంతకు మించి, 2 నెలల నుంచి ఏడాది లోపు 50 లేదా అంతకు మించి, ఏడాది నుంచి 5 ఏళ్ళ లోపు 40 లేదా అంతకు మించి ఉంటే వేగమైన శ్వాస. రెండు నెలల లోపు శిశువుకు 60 లేదా అంతకు మించి ఉంటే, ఏడుపు, కంగారు తగ్గాక రెండోసారి లెక్కపెట్టి నిర్ధారించుకోవాలి.

తల్లులు ‘డొక్కలు ఎగరేస్తున్నాడు’ అన్నప్పుడు ఆ మాటను తేలికగా తీసుకోకండి. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి లాగబడడాన్నే వారు అలా అంటారు, అది నెమ్ములో (న్యుమోనియాలో) తీవ్రతకు గుర్తు. పిల్లవాడికి పాలిస్తున్నప్పుడో, ఏడుస్తున్నప్పుడో కాకుండా, ప్రశాంతంగా ఉన్నప్పుడు చొక్కా ఎత్తి చూడాలి.

ఎక్స్-రే, పల్స్ ఆక్సీమీటర్ (రక్తంలో ఆక్సిజన్ కొలిచే వేలి పరికరం) ఉండగా ఛాతీని వేళ్ళతో తట్టి చూడడం ఇంకా అవసరమా?

ఎక్స్-రే కోసం గుమ్మా కొండల మీంచి పర్లాకిమిడి దిగిరావలసిన రోగికి అవసరమే. పండిన పనసకాయను తట్టి చూడడం తెలిసినవారికి ఈ విద్య కొత్తది కాదు. లోపల ఉన్నది గాలా, గుజ్జా, నీరా అన్నదాన్ని బట్టి మోత మారుతుంది. 1761లో ఈ పద్ధతిని వైద్యానికి పరిచయం చేసిన ఆస్ట్రియా వైద్యుడు ఆవెన్‌బ్రుగ్గర్ ఒక సత్రం యజమాని కొడుకు. తండ్రి ద్రాక్షసారా పీపాలను తట్టి మట్టం తెలుసుకోవడం చూసి నేర్చాడని అంటారు.

ఎడమచేతి మధ్యవేలును పక్కటెముకల సందులో గట్టిగా ఆనించి, కుడిచేతి మధ్యవేలి కొనతో రెండుసార్లు తట్టి వెంటనే వేలు తీసేయాలి; దెబ్బ మోచేతి నుంచి కాక మణికట్టు నుంచి రావాలి. గాలి నిండిన మామూలు ఊపిరితిత్తి గుల్లగా మోగుతుంది. నెమ్ముతో గట్టిపడిన చోట మోత మందగిస్తుంది. నీరు చేరిన చోట రాతిని తట్టినట్టు పూర్తిగా మొద్దుబారి, తట్టే వేలికి కూడా ఆ గట్టితనం తెలుస్తుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే మోత మామూలు కంటే ఎక్కువ బోలుగా ఉంటుంది. కుడి పక్క కింద కాలేయం, ఎడమ పక్క ముందు గుండె ఉన్నచోట మోత మొద్దుగా ఉండడం సహజమే.

స్టెతస్కోప్‌ను ఎక్కడెక్కడ పెట్టాలి?

మెడ ఎముకకు (కాలర్ బోన్‌కు) పైన రెండు పక్కలా, ముందు రెండో పక్కటెముకల సందులో, చనుమొనల కింద, రెండు చంకల్లో, వీపు మీద భుజపుటెముకల పైన, వాటి మధ్య, వాటి కింద చివరిదాకా. ఇది కాగితం మీద ఉండే క్రమం. అసలు సూత్రం మాత్రం ఒక్కటే: కుడి పక్క ఒక చోట విన్న వెంటనే, ఎడమ పక్క సరిగ్గా అదే చోట వినాలి. కుడి పక్కంతా విని ఆ తరువాత ఎడమ పక్కకు వెళ్ళేవారు ఏ రెండు శబ్దాలనూ పోల్చలేరు, ఎందుకంటే అప్పటికి మొదట విన్నది చెవిలో నిలవదు. ఒక్కోచోట కనీసం ఒక పూర్తి శ్వాస, అంటే లోపలికీ బయటికీ, వినాలి.

ఊపిరితిత్తుల కింది తమ్మెల్లో (లోబుల్లో) ఎక్కువ భాగం వెనుకకే ఉంటుంది. అందుచేత ముందు మాత్రమే విని వదిలేస్తే నెమ్ము, నీరు తరచుగా చేరే చోటును విననట్టే అవుతుంది. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమ దానికి రెండు. కుడి మధ్య తమ్మె ముందు వైపు, చంక వైపు మాత్రమే దొరుకుతుంది గనుక, వీపు ఒక్కటే వినేవారికి అది ఎప్పటికీ వినిపించదు. వీపు వినేటప్పుడు రోగిని రెండు చేతులతో ఎదురు భుజాలు పట్టుకోమంటే భుజపుటెముకలు పక్కకు జరిగి చోటు దొరుకుతుంది.

చీర మీంచి, చొక్కా మీంచి వినవచ్చా?

వినకూడదు. బట్ట రాపిడి చిటపటలా వినిపిస్తుంది, లేదా ఉన్న చిటపటను మింగేస్తుంది. ఆడవారిని పరీక్షించేటప్పుడు ముందే చెప్పి, ఒప్పుకున్నాక, మరో స్త్రీ పక్కన ఉండగా, తెర చాటున, ఒకసారికి ఒక భాగం మాత్రమే బట్ట తొలగించి, విన్న వెంటనే కప్పాలి; ఆరుబయట శిబిరాల్లో చోటు లేదన్న కారణంతో చీర కొంగు మీంచి విని ‘బాగానే ఉంది’ అని రాయడం కంటే, పరీక్షించలేదని రాయడం నయం. వెంట్రుకలు ఎక్కువగా ఉన్న ఛాతీ మీద నీటితో కొద్దిగా తడిపితే రాపిడి తగ్గుతుంది. ఫ్యాను ఆపండి, చలికాలంలో లోహపు భాగాన్ని అరచేతిలో వెచ్చబెట్టండి. చెవుల్లో పెట్టుకునే కొనలు ముక్కు వైపుకు, అంటే ముందుకు వంగి ఉండాలి. తిరగేసి పెట్టుకుని ఏమీ వినిపించడం లేదన్నవారిని ప్రతి తరగతిలో కనీసం ఒకరిని చూస్తాను.

రోగికి ఏ భాషలో ఏం చెప్పాలి?

ఇది మన జిల్లాలకే ప్రత్యేకమైన చిక్కు. తెలుగు బడి పుస్తకాల్లో ఉచ్ఛ్వాసం అంటే గాలి పీల్చడం, నిశ్వాసం అంటే వదలడం. ఒడియాలో వాడుకగా ‘నిశ్వాస నిఅంతు’ అంటే గాలి పీల్చమనే అర్థం. తెలుగు పుస్తకం చదువుకున్న నర్సు ‘నిశ్వాసంలో పిల్లికూతలు’ అని రాసిన కాగితాన్ని ఒడియా మాత్రమే తెలిసిన సహోద్యోగికి చదివి వినిపిస్తే, పీల్చేటప్పుడు వినిపించిందని ఆయన అనుకునే ప్రమాదం ఉంది. కాబట్టి రెండు భాషల్లోనూ ‘లోపలికి’, ‘బయటికి’ అనే మాటలే వాడమని చెబుతాను.

రోగితో ‘నోరు తెరిచి, గట్టిగా ఊపిరి పీల్చి వదలండి’ అని చెప్పి ఊరుకోకుండా, మీరే ఒకసారి చేసి చూపించండి. సవర తప్ప మరో భాష రాని ముసలమ్మకు మాట కంటే అనుకరణే బాగా అర్థమవుతుంది. ముక్కుతో పీలిస్తే ముక్కులోని శబ్దం కలుస్తుంది. వరసగా పది పన్నెండు సార్లు లోతుగా పీల్చినవారికి తల తిరుగుతుంది, కాబట్టి మధ్యలో ఆగాలి.

మామూలు శ్వాస శబ్దం ఎలా ఉంటుంది?

ఆకుల గుండా గాలి వీచినట్టు మెత్తగా ఉంటుంది. లోపలికి పీల్చేటప్పుడు ఎక్కువసేపు, స్పష్టంగా వినిపించి, బయటికి వదిలేటప్పుడు మొదటి కొద్దిసేపు మాత్రమే మందంగా వినిపించి ఆగిపోతుంది. గొంతు మీద పెడితే పూర్తిగా వేరే శబ్దం: గరుకుగా, బిగ్గరగా, పొయ్యి ఊదే గొట్టంలోంచి గాలి పోతున్నట్టు, లోపలికీ బయటికీ మధ్య చిన్న విరామం ఉండి, బయటికి వదిలేదే ఎక్కువసేపు వినిపిస్తుంది. ఈ రెండు శబ్దాలనూ మీ సొంత ఛాతీ మీద, సొంత గొంతు మీద రోజూ వినండి. మామూలు శబ్దం వందసార్లు వినని చెవికి అసాధారణం దొరకదు.

ఈ మెత్తని శబ్దం గాలి తిత్తుల్లో పుడుతుందని పూర్వం అనుకునేవారు. నిజానికి అక్కడికి చేరేసరికి గాలి కదలిక శబ్దం పుట్టనంత నెమ్మదిస్తుంది. శబ్దం పెద్ద గాలిగొట్టాల్లో పుట్టి, గాలి నిండిన ఊపిరితిత్తి గుండా, బూరుగుదూది దిండు గుండా వచ్చినట్టు మెత్తబడి మన చెవికి చేరుతుంది. ఈ ఒక్క విషయం అర్థమైతే సగం పాఠం అర్థమైనట్టే: నెమ్ముతో ఆ భాగం గట్టిపడితే దూది పోయి గోడ వచ్చినట్టవుతుంది, గొట్టాల్లోని గరుకు శబ్దం వడపోత లేకుండా నేరుగా పైకి వస్తుంది. అందుకే గొంతు మీద వినవలసిన శబ్దం వీపు కింద వినిపిస్తే అక్కడ ఊపిరితిత్తి గట్టిపడిందని అనుమానించాలి.

పిల్లికూతలు వినిపిస్తే ఉబ్బసమేనా?

ప్రతిసారీ కాదు. ఇరుకైన గొట్టంలోంచి గాలి పోతున్నప్పుడు గొట్టం గోడలు అదిరి పుట్టే ఈల వంటి శబ్దం అది. ఇరుకు ఎందుకు వచ్చిందో శబ్దం చెప్పదు. ఉబ్బసంలో రెండు పక్కలా, రకరకాల స్వరాలతో, ముఖ్యంగా గాలి బయటికి వదిలేటప్పుడు వినిపిస్తుంది. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి ముందు కూర్చున్న ఆడవారిలో, బీడీలు, చుట్టలు తాగినవారిలో అదే శబ్దం దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు వల్ల రావచ్చు; వారిలో గాలి వదలడానికి పట్టే సమయం స్పష్టంగా పెరుగుతుంది. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరినా రాత్రిపూట ఉబ్బసంలాగే కూతలు వస్తాయి. అరవయ్యేళ్ళ మనిషికి మొదటిసారి ‘ఉబ్బసం’ వచ్చిందంటే కాళ్ళ వాపు, మెడ నరాల ఉబ్బు, రక్తపోటు చూడకుండా వదలకండి.

బోదకాలు పురుగు ఉన్న గంజాం, శ్రీకాకుళం తీర ప్రాంతాల్లో మరొకటి గుర్తుంచుకోవాలి. వారాల తరబడి రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు ఉండి, రక్తంలో ఇసినోఫిల్ కణాలు మైక్రోలీటరుకు 3000 మించి ఉంటే, ఆ పురుగుకు ఒళ్ళు అతిగా స్పందించడం వల్ల వచ్చే జబ్బు కావచ్చు. దానికి చికిత్స వేరు, ఉబ్బసం మందులతో అది పూర్తిగా తగ్గదు.

ఇక ఒకే పక్క, ఒకే స్వరంలో, ఉన్నట్టుండి మొదలైన కూత. చిన్నపిల్లవాడిలో ఇది వినిపిస్తే ఏదో గొంతు దాటి లోపలికి పోయిందని అనుమానించాలి. పలాస జీడిపప్పు ముక్క, వేరుశనగ గింజ, సీతాఫలం గింజ, ఏదైనా కావచ్చు. నోట్లో ఏదో పెట్టుకుని ఆడుతూ ఉక్కిరిబిక్కిరై దగ్గాడా అని తల్లిని అడగండి. గింజ ఎక్స్-రేలో కనిపించకపోవచ్చు. తల్లి చెప్పిన మాట, ఒక పక్క కూత, ఆ పక్క తగ్గిన శ్వాస, ఈ మూడూ చాలు పెద్దాసుపత్రికి పంపడానికి.

చిటపట శబ్దాలన్నీ నెమ్మేనా?

కావు, కానీ వాటిని సరిగ్గా వర్ణిస్తే కారణం చాలావరకు దగ్గరకు వస్తుంది. చెవి పక్కన నాలుగు వెంట్రుకలు వేళ్ళ మధ్య నలిపితే వచ్చే శబ్దం సన్నని చిటపట. వేడి పెనం మీద ఉప్పురాళ్ళు చిట్లినట్టుండేది మోటు చిటపట. మూసుకుపోయిన చిన్న గొట్టాలు ఊపిరి పీల్చేటప్పుడు ఒక్కసారిగా తెరుచుకోవడం వల్ల సన్నవి వస్తాయి, పెద్ద గొట్టాల్లో కఫం కదలడం వల్ల మోటువి వస్తాయి.

వినగానే రోగిని దగ్గమని చెప్పి, అదే చోట మళ్ళీ వినండి. దగ్గాక పోయినవి, చోటు మారినవి సాధారణంగా కఫం వల్ల వచ్చినవి. దగ్గినా పోకుండా, ఒక పక్క ఒకే చోట, జ్వరంతో పాటు ఉంటే నెమ్ము. రెండు పక్కలా అడుగున, ఊపిరి పీల్చడం చివర్లో వస్తే గుండె వైఫల్యాన్ని ముందు తలుచుకోవాలి. జ్వరం లేకుండా, నెలల తరబడి పెరిగే ఆయాసంతో, వెల్‌క్రో పట్టీ విప్పినట్టుండే సన్నని చిటపట రెండు పక్కలా అడుగున ఉంటే ఊపిరితిత్తులు నారలా గట్టిపడే జబ్బు కావచ్చు. ఎప్పుడూ మంచాన పడి ఉన్న ముసలివారిలో మొదటి రెండు మూడు శ్వాసలకు వినిపించి ఆ తరువాత పోయే చిటపటకు పెద్ద అర్థం లేదు.

టెక్కలి వైపు గ్రానైటు పనులకు, రాళ్ళ క్రషర్లకు వెళ్ళి వచ్చినవారి గురించి ఒక హెచ్చరిక. రాతి ధూళి వల్ల వచ్చే సిలికోసిస్‌లో శబ్దాలు చాలాకాలం మామూలుగానే ఉండవచ్చు. అక్కడ స్టెతస్కోప్ కంటే ‘ఏ పని, ఎన్నేళ్ళు చేశారు’ అన్న ప్రశ్నే ఎక్కువ చెబుతుంది. వారిలో క్షయ ముప్పు కూడా ఎక్కువ.

స్టెతస్కోప్ లేకుండానే వినిపించే కూత ఏమిటి?

గాలి లోపలికి పీల్చేటప్పుడు గొంతు దగ్గర నుంచి వచ్చే కర్కశమైన కూత అయితే, ఇరుకు ఛాతీలో లేదు, పై దారిలో ఉంది. ప్రశాంతంగా ఉన్న పిల్లవాడిలో అది వినిపిస్తే ప్రమాద సూచిక. గొంతులో పుల్ల పెట్టి చూసే ప్రయత్నం చేయకండి, పిల్లవాణ్ణి ఏడిపించకండి, తల్లి ఒళ్ళోనే ఉంచి పంపండి.

ఊపిరి తీసినప్పుడల్లా కిర్రుమనే శబ్దం?

కొత్త కిర్రుచెప్పుల చప్పుడులా, లోపలికీ బయటికీ రెండుసార్లూ, రోగి నొప్పి అని వేలు పెట్టి చూపించిన చోటే వినిపిస్తే, ఊపిరితిత్తుల పొరలు ఒరుసుకుంటున్నట్టు. దగ్గినా మారదు, ఊపిరి బిగబట్టమంటే ఆగుతుంది. రెండు రోజుల తరువాత నొప్పీ శబ్దమూ మాయమైతే తగ్గిందని సంతోషించే ముందు అక్కడ తట్టి చూడండి. నీరు చేరి పొరలను విడదీసి ఉండవచ్చు.

ఏమీ వినిపించకపోతే శుభ్రంగా ఉన్నట్టేనా?

నా దృష్టిలో ఈ పేజీలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. శబ్దాలు నేర్చుకునే తొందరలో మనం అదనంగా వినిపించేవాటి కోసమే వెతుకుతాం, తగ్గిపోయిన దాన్ని పట్టించుకోం. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను జ్వరంతో వచ్చిన ఒక రైసుమిల్లు కూలీని బారులో నిలబడ్డ జనం మధ్య, చొక్కా పైకెత్తి, ముందు వైపు మాత్రమే విని, ‘ఛాతీ శుభ్రం’ అని రాశాను. మర్నాడు పై డాక్టరుగారు ఎడమ వీపు కింద రెండు వేళ్ళు వేసి తట్టి, నన్ను పిలిచి నా చేతితోనే తట్టించారు. రాయిని తట్టినట్టుంది. ఆ ఊపిరితిత్తి అడుగు భాగమంతా నీరే. చిటపట లేదు, కూత లేదు. ఆ పక్క శ్వాసే లేదు. రెండు పక్కలూ పోల్చి ఉంటే పది సెకన్లలో తెలిసేది.

ఒక పక్క శ్వాస శబ్దం తగ్గితే తట్టి చూడడమే తరువాతి అడుగు. మోత మొద్దుగా ఉంటే నీరు, లేదా ముడుచుకుపోయిన ఊపిరితిత్తి. ఈ రెండింటి మధ్య తేడాను గొంతు కింది శ్వాసనాళం ఎటు జరిగిందన్నది చెబుతుంది. మోత ఎక్కువ బోలుగా ఉంటే చుట్టూ గాలి చేరి ఉండవచ్చు. దానితో పాటు రక్తపోటు పడిపోతూ, మెడ నరాలు ఉబ్బి, శ్వాసనాళం అవతలికి జరిగితే ఎక్స్-రే కోసం ఆగే సమయం లేదు.

ఉబ్బసం రోగిలో ఈ నిశ్శబ్దం మరీ భయంకరమైనది. గంట క్రితం గదంతా వినిపించిన పిల్లికూతలు ఇప్పుడు లేవు, మనిషి మాత్రం అలసిపోయి, మత్తుగా, చెమటలు పట్టి ఉన్నాడంటే, గొట్టాలు తెరుచుకోలేదు, కూత పుట్టడానికి చాలినంత గాలి కూడా లోపలికి పోవడం లేదు. కూత బిగ్గరగా ఉండడం తీవ్రతకు కొలత కాదు.

మాట్లాడించి వినడం ఎందుకు?

గట్టిపడిన ఊపిరితిత్తి గొంతును బాగా మోస్తుంది, నీరు అడ్డుకుంటుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో చెప్పే అంకెలే పలికించనక్కరలేదు. ‘ఒకటి, రెండు, మూడు’ గాని ‘ఎక, దుయి, తిని’ గాని చాలు. గుసగుసగా పలికించినప్పుడు కూడా ఒక చోట మాటలు స్పష్టంగా చెవిలో చెప్పినట్టు వినిపిస్తే అక్కడ నెమ్ముతో ఊపిరితిత్తి గట్టిపడినట్టు. మరో పరీక్షలో ‘ఈ’ అని సాగదీయమంటే, ఆ చోట స్టెతస్కోప్‌లో ‘ఏ’ అని మేక అరుపులా వినిపిస్తుంది. ఈ, ఏ అచ్చులు తెలుగువారి చెవికి పుట్టుకతో వేరువేరుగా తెలుసు గనుక, మన విద్యార్థులు దీన్ని చాలా తొందరగా పట్టుకుంటారు.

విని క్షయ ఉందో లేదో చెప్పవచ్చా?

చెప్పకూడదు. క్షయ బాగా ముదిరిన ఊపిరితిత్తి కూడా కొన్నిసార్లు మామూలుగా వినిపిస్తుంది. మెడ ఎముక పైన దగ్గిన వెంటనే చిటపట రావడం, పెద్ద గుహ ఏర్పడిన చోట ఖాళీ సీసా మూతి మీద ఊదినట్టు శబ్దం రావడం పుస్తకాల్లో ఉన్నాయి, నిజంగానూ వినిపిస్తాయి. కానీ అవి లేకపోవడానికి ఏ విలువా లేదు. రెండు వారాలు లేదా అంతకు మించి దగ్గు, సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కఫంలో రక్తం, వీటిలో ఏది ఉన్నా, మీ చెవికి ఛాతీ ఎంత శుభ్రంగా తోచినా, కఫం పరీక్షకు పంపండి. పరీక్ష, మందులు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. చికిత్సలో ఉన్నవారికి పోషణ కోసం ఇచ్చే సాయం 2024 నవంబరు నుంచి నెలకు 1000 రూపాయలు.

స్టెతస్కోప్‌ను 1816లో పారిస్‌లో కాగితపు గొట్టంతో మొదలుపెట్టి, ఈ శబ్దాలకు మొదటి పేర్లు పెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్ కూడా 1826లో క్షయతోనే మరణించాడు.

శ్వాస వేగంగా ఉంది, ఛాతీ మాత్రం శుభ్రంగా ఉంది. అప్పుడు?

ఊపిరితిత్తుల బయట వెతకాలి. తీవ్రమైన మలేరియాలో, అదుపు తప్పిన చక్కెర వ్యాధిలో రక్తంలో ఆమ్లం పెరిగి, శ్వాస లోతుగా, వేగంగా సాగుతుంది; వింటే మాత్రం రెండు పక్కలా మామూలే. రాయగడ, మల్కన్‌గిరి అడవి గ్రామాల నుంచి వచ్చిన జ్వరపు బిడ్డకు ఇలా ఉంటే మలేరియా పరీక్ష, రక్తంలో చక్కెర వెంటనే చూడండి. తీవ్రమైన రక్తహీనత కూడా ఇలాగే ఉంటుంది. దీనికి విరుద్ధమైనది కట్లపాము కాటు: ఛాతీ శుభ్రం, కానీ ఊపిరి పైపైనే, కనురెప్పలు వాలిపోతూ ఉంటాయి. కండరాలు చచ్చుబడుతున్న ఆ మనిషికి శబ్దాలు వింటూ కాలం గడపకూడదు.

ఈ ప్రాంతంలో సికిల్ సెల్ జబ్బు ఉన్న కుటుంబాలు ఉన్నాయి. ఆ జబ్బు ఉన్నవారికి జ్వరం, ఛాతీ నొప్పి, ఆయాసం కలిసి వస్తే, మొదటి రోజు శబ్దాలు మామూలుగా ఉన్నా సరే, ఎక్స్-రే, ఆక్సిజన్, రక్తం ఎక్కించే సౌకర్యం ఉన్న చోటికి పంపాలి. కొద్ది గంటల్లోనే పరిస్థితి చేయి దాటవచ్చు.

పిల్లలు ఏడుస్తుంటే ఎలా వినాలి?

ముందు శ్వాస లెక్క, తరువాత డొక్కలు, ఆ తరువాతే స్టెతస్కోప్. తల్లి భుజం మీద వేసుకుని ఉండగా వీపు వైపు నుంచి మొదలుపెట్టండి. ఏడుపు మొదలైనా నష్టం లేదు, ఏడుపుల మధ్య బిడ్డ తీసే లోతైన ఊపిరి మనకు కావలసిందే. ముక్కు దిబ్బడగా ఉన్న బిడ్డ ఛాతీలో గురగుర వినిపిస్తే స్టెతస్కోప్‌ను ముక్కు దగ్గర పెట్టి వినండి. అదే శబ్దం అక్కడ ఇంకా బిగ్గరగా ఉంటే అది రొంప, నెమ్ము కాదు. ఛాతీ గోడ పలచన గనుక పిల్లల మామూలు శబ్దం కూడా పెద్దవారి దాని కంటే గరుకుగా ఉంటుంది.

విన్నదాన్ని కాగితం మీద ఎలా రాయాలి?

పేరు గుర్తుకు రాకపోతే పేరు పెట్టకండి. ఏ పక్క, ఎక్కడ, లోపలికా బయటికా, సన్నమా మోటా, దగ్గాక ఉందా పోయిందా, ఈ ఐదూ రాస్తే బరంపురం ఎంకేసీజీ ఆసుపత్రిలో ఉన్నవారికైనా, కోరాపుట్‌లో ఉన్నవారికైనా, హద్దు దాటి శ్రీకాకుళం, విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి వెళ్ళినా అర్థమవుతుంది. ‘కుడి వీపు కింద, లోపలికి పీల్చడం చివర్లో, సన్నని చిటపట, దగ్గినా పోలేదు, శ్వాస 34, ఆక్సిజన్ 91, సమయం ఉదయం 10:20’ అన్న ఒక్క వాక్యం, ‘నెమ్ము ఉన్నట్టుంది’ అన్న దాని కంటే ఎన్నో రెట్లు మేలు. తరువాత వినేవారు ఇప్పటికి పెరిగిందా తగ్గిందా అని పోల్చుకోగలుగుతారు.

వినడం ఆపి 108కు ఎప్పుడు ఫోను చేయాలి?

పెదవులు, నాలుక నీలంగా మారినా, రక్తంలో ఆక్సిజన్ 90 శాతం కంటే తగ్గినా, ఒక వాక్యం పూర్తి చేయలేకపోతున్నా, మత్తుగా ఉన్నా, కూతలు ఆగి మనిషి అలసిపోతున్నా, ఒక పక్క శ్వాస లేకుండా రక్తపోటు పడిపోతున్నా. పిల్లల్లో పాలు తాగలేకపోవడం, తాగిందంతా కక్కడం, ఫిట్స్, లేపినా లేవకపోవడం, ప్రశాంతంగా ఉండగా గొంతు కూత, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా. 108 నంబరు ఒడిశాలోనూ, ఆంధ్రలోనూ అదే. వాహనం కొండ దారి ఎక్కి వచ్చేలోగా స్పృహలో ఉన్న రోగిని పడుకోబెట్టకుండా కూర్చోబెట్టి, ఉన్న ఆక్సిజన్ పెట్టి, అయిదు నిమిషాలకొకసారి శ్వాస లెక్కపెట్టి సమయంతో సహా అదే కాగితం మీద రాస్తూ ఉండండి.